పద్దెనిమిదో సీసా

ఎనిమిదేళ్లుగా నా మీద ఒక సీసా నూనె బరువుంది. ఒక్క సీసా. మావైపు గ్యాస్‌నూనె అంటాం, కొందరు కిరసనాయిలు అంటారు. ఆ సీసాను నేను దొంగిలించలేదు. నిజానికి దాన్ని ఎవరూ దొంగిలించలేదు. ఎవరూ దొంగిలించని సీసాకు నేను ఒక దొంగను తయారుచేసి ఇచ్చాను. నా తప్పు అదీ.

మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు అక్కర్లేదు. ముఖం తెలియని వాళ్లతో చెప్పుకోవడం పిరికితనమే, ఒప్పుకుంటాను. ముఖాలు తెలిసిన వాళ్ల ముందు నోరు పెగలకనే కదా ఇన్నేళ్లు గడిచాయి. వినండి. విని ఏమీ అనకపోయినా సరే. జాలి మాత్రం పడకండి. రాస్తున్న ఈ ఘడియలో కూడా నాకు ఒళ్లంతా కోపంగానే ఉంది. ఎక్కువ పాలు నా మీద. మిగిలింది ఆ రోజు నన్ను శభాష్ అన్నవాళ్ల మీద.

నేను బడికి పోలేదు. మా నాయన రాయికోడ్‌లో పిల్లలకు చదువు చెప్పేవాడు. మగపిల్లలు అరుగు మీద కూర్చునేవాళ్లు, నేను తలుపు లోపల కూర్చునేదాన్ని. వాళ్లు ఇసుకలో రాసింది నేను జొన్నపిండిలో రాసుకునేదాన్ని. అది కనిపెట్టిన రోజు నాయన కోప్పడలేదు. నాకొక పలక తెచ్చి, సాయంత్రాలు వేరుగా కూర్చోబెట్టి చెప్పాడు. ఎక్కాలు చెప్పాడు. గుండ్రటి కల్లానికి వైశాల్యం ఎట్లా కట్టాలో చెప్పాడు. అన్నిటికన్నా ముద్దుగా త్రైరాశికం చెప్పాడు. మూడు తెలిస్తే నాలుగోది దానంతట అదే వస్తుంది. నాలుగు మూరలకు ఇంత అయితే తొమ్మిది మూరలకు ఎంత? లోకంలో సగం లెక్కలు దీంతోనే తెగిపోతాయి అనేవాడు. మిగతా సగం ఏవో గుర్తుపట్టడమే అసలు చదువని నేను చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను. ఆ ఆలస్యానికి మూల్యం వేరేవాళ్లు చెల్లించారు.

పెళ్లయి జహీరాబాద్ వచ్చినప్పుడు ఆ పలక బట్టల మూటలో పెట్టుకుని వచ్చాను. అత్తమ్మ చూసింది. ఏమీ అనలేదు. ఏమీ అననందుకే నేను ఎన్నిసార్లు మనసులో ఆమె కాళ్లకు మొక్కానో. నా స్వభావం అట్లాంటిది. పొద్దున దీపం పెట్టి, కోరికల జోలికి పోకుండా, ముందురోజు దొరికిన మేళ్లన్నీ ఒక్కొక్కటిగా దేవుడికి చెప్పుకుంటాను. నీళ్లు చల్లగా ఉన్నాయి, కట్టెలు పొగ పెట్టలేదు, ఎవరూ కసరలేదు. ఇది మంచి గుణమని నాయన అనేవాడు. మంచిదే కావచ్చు. మనిషి నోరు కట్టేయడానికి ఇంతకన్నా మెత్తటి తాడు ఇంకోటి లేదని ఇప్పుడు నాకు తెలుసు.

ఇంటికి పెద్ద మా బావ, అంటే నా భర్త అన్న. ఆయనకు పిండి గిర్నీ ఉంది. మా పెరటి గోడకు అవతలే. మా ఆయన అందులో జొన్నలు తీసుకుని వంతులు చూసేవాడు. ఇంజిన్ నడిపేది, నూనె పోసేది, బాగుచేసేది ఖాసిం మేస్త్రీ. యాభై దాటిన మనిషి. ఇంజిన్ మోతకు ఒక చెవి పోయింది. అందుకే చెవితో కాక చేత్తో వినేవాడు. అరచేయి సిలిండర్ పక్కన ఆనించి కళ్లు మూసుకుని, ఏ నట్టు వదులైందో చెప్పేవాడు.

మధ్యాహ్నం పెరటి తలుపు దగ్గర నేను మజ్జిగ చెంబు పెడితే వచ్చి తాగేవాడు. ఒకరోజు అడిగాను, ఈ ఇంజిన్ నూనె ఎట్లా తాగుతుందని. ఆ ఇంట్లో ఆ సంగతి అడిగిన మనిషిని నేనొక్కదాన్నే అనుకుంటాను. ఆయన చెంబు పక్కన పెట్టి, మేకుతో నేల మీద గీసి చెప్పాడు. రెండు సిలిండర్లు, అంటే రెండు ఇనుప గొట్టాలు. ఒక్కోదాంట్లో ఒక పిస్టన్, పైకీ కిందికీ నడుస్తుంది. అది కిందికి దిగినప్పుడు పైన ఎంత జాగా ఖాళీ అవుతుందో, గాలీ నూనె ఆవిరీ కలిసి అంత లోపలికి పోతాయి. అదీ ఇంజిన్ పొట్ట. పొట్ట ఎంతో తెలియాలంటే మూడే కావాలి. గొట్టం అడ్డం ఎంత, పిస్టన్ దిగే లోతు ఎంత, అట్లాంటివి ఎన్ని. అడ్డం నాలుగు ఇంచులు, లోతు ఐదు, గొట్టాలు రెండు. కొలతలు ఆయనకు నోటికి వచ్చు. గుణించడం రాదు.

నేను పలక తెచ్చాను. అడ్డంలో సగం రెండు. రెండు రెళ్లు నాలుగు. దాన్ని ఇరవై రెండుతో గుణించి ఏడుతో భాగించాను, మా నాయన కల్లానికి చెప్పినట్టే. పన్నెండున్నర పైన కొంచెం వచ్చింది. ఐదు లోతుతో గుణిస్తే అరవై మూడుకు చిటికెడు తక్కువ. రెండు గొట్టాలకు కలిపి నూట ఇరవై ఆరు ఘనపు ఇంచులకు కాస్త తక్కువ. చెప్పాను. తన చేతిలో ఉన్న సంగతి నా పలక మీదికి ఎట్లా వచ్చిందని ఆయన ఆశ్చర్యపోయాడు. మరునాడు దీపం దగ్గర ఆ మేలు కూడా చెప్పుకున్నాను. నాయన తర్వాత నాకు ఒకటి నేర్పిన మనిషి ఆయనే.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నాకు సరైన దారి తెలియక తప్పు చేశానని మీరు అనుకోకూడదు. తెలుసు. ఒకసారి నడిచిన దారే.

యుద్ధం రోజులు వచ్చాయి. అన్నిటికీ కంట్రోల్. గ్యాస్‌నూనె చీటీ మీద కొంచెం కొంచెం ఇచ్చేవాళ్లు. బజారులో చాలా ఇళ్లు అన్నం తినేవరకే దీపం వెలిగించి ఆర్పేసేవి. అప్పుడే ఇంజిన్ సిలిండర్లు అరిగిపోయాయి. నల్లటి పొగ, లాగే సత్తువ లేదు. కొత్త సామాను ఎక్కడా దొరకదు. మేస్త్రీ ఆ ఇనుప ముద్దను రైలెక్కించి పట్నం తీసుకుపోయి, లోపలి గోడలు తొలిపించి, ఇంకేదో పాత లారీ పిస్టన్లు వెతికి పట్టి, వాటికి సరిపోయేట్టు చేయించి తెచ్చాడు. అడ్డం నాలుగు ఇంచులున్నది నాలుగుంబావు అయింది. గిర్నీ మళ్లీ నడిచింది. వారం రోజులు బావ ఆయన్ని పొగిడాడు.

ఆ తర్వాత నూనె సంగతి బయటపడింది. అంతకుముందు రోజుకు పదహారు సీసాలు పట్టేది. ఇప్పుడు పద్దెనిమిది పడుతోంది. గిర్నీ నడిచేది అంతే సేపు, ఆడేది ఆ రాయే. రెండు సీసాలు ఎక్కడికి పోతున్నాయి?

మేస్త్రీ చెప్పాడట. గొట్టం వెడల్పైంది, ఎక్కువ తాగుతుంది, పిండి కూడా మునుపటికంటే జల్దీ పడుతోంది, చూసుకోండ్రి అని. పిండి ఎంత జల్దీ పడుతోందో చూసే తీరిక ఎవరికుంది? జొన్నలు ఆడవాళ్లవి, కాచుకుని కూర్చునే పొద్దు కూడా వాళ్లదే. బావకు కనబడింది నూనె ఒక్కటే. వెడల్పైతే ఎంత ఎక్కువ తాగాలని అడిగాడు. మేస్త్రీ అందాజా అన్నాడు. అందాజాతో దొంగతనాలు మాఫీ కావని బావ అన్నాడు. దొంగతనం అనే మాట ఆ ఇంట్లో పుట్టింది అక్కడ. లెక్క కట్టకముందే పుట్టింది. దాన్ని గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకోలేదు.

అత్తమ్మ అంది, మన చిన్నకోడలుకు లెక్కలొస్తాయి కదా అని.

మా ఇళ్లలో కోడలు బావ ముందుకు రాదు, ఆయనతో మాట్లాడదు. కాబట్టి లెక్క ముందుగది నుంచి అత్తమ్మ నోటి మీదుగా వంటింటికి వచ్చింది. నాలుగు ఇంచులది నాలుగుంబావు అయింది. లోతు మారలేదు. గొట్టాలు రెండే. పదహారు సీసాలు తాగేది ఇప్పుడెన్ని తాగాలి? అడ్డం ఒక్కటే మారింది. ఒక్కటే మారితే ఇంకేముంది, త్రైరాశికం. నాలుగు ఇంచులంటే పదహారు పావులు. నాలుగుంబావు అంటే పదిహేడు పావులు. పదహారుకు పదహారు సీసాలు, పదిహేడుకు పదిహేడు. పలక కూడా ముట్టుకోలేదు. నోటితో చెప్పేశాను. ఎంత నున్నగా వచ్చిందో లెక్క. అంత నున్నగా వచ్చినందుకే నాకు అనుమానం రావాల్సింది. రాలేదు. గర్వం వచ్చింది.

పదిహేడు పట్టాలి. పద్దెనిమిది పడుతోంది. రోజుకు ఒక సీసా మేస్త్రీ ఇంటికి పోతోంది. నేను అనలేదు ఆ చివరి మాట. అనాల్సిన పని ఏముంది, పదిహేడు అన్నాక మిగిలింది వాళ్లే అనుకున్నారు.

ముందుగదిలో బావ గొంతు వినపడింది. మా ఇంట్లో సరస్వతి ఉంది, ఇన్నాళ్లు మనకే తెలియలేదు అంటున్నాడు. వచ్చినవాళ్లకల్లా చెప్పాడు. పట్నం పోయినా ఇట్లాంటి లెక్క దొరకదన్నాడు. అత్తమ్మ వచ్చి నా తల నిమిరింది. మా ఆయన గడపలో నిలబడి నావైపు కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. మీరు నమ్ముతారో లేదో, ఆ ఇంటికి వచ్చిన ఆరేళ్లలో నేను పొయ్యి ముందు ఉన్న ఒక మనిషినని వాళ్లు గమనించింది ఆ రోజే. ఆ పూటే బావ మేస్త్రీని పనిలోనుంచి తీసేశాడు. గిర్నీ ముందు, జొన్నల గంపలు పెట్టుకుని కూర్చున్న అందరి ముందు, గ్యాస్‌నూనె దొంగ అన్నాడు. ఆ రోజుల్లో ఆ మాట ఎంత పెద్దదో నేను చెప్పనక్కర్లేదు. దీపాలు ఆర్పుకుని కూర్చున్న ఊరు అది.

సాయంత్రం రొట్టెలు చేస్తున్నాను. పొద్దు ఇంకా ఉంది. రోజూ చేసే రొట్టెలే. ఆనందంలో ఉన్నానేమో, చేతులు తమాషాగా ఆడుతున్నాయి. ఒక రొట్టె కొట్టి, ఇంకా కాస్త పెద్దది చేద్దామనుకున్నాను. చుట్టూ ఒక వేలు వెడల్పు పెరిగేసరికి మధ్యలో చిరిగింది. పిండి చాలలేదు. ఇంకో చిన్న ముద్ద కలిపాను. అయినా చాలలేదు. రొట్టె వెడల్పు రవ్వంతే పెరిగింది, పిండి మాత్రం దానికి రెండింతల లెక్కన అడుగుతోంది. ఎందుకు అడుగుతోంది? అడ్డంగా పెరిగింది, నిలువుగా కూడా పెరిగింది, అందుకు. ఏ ఆడదానికి తెలియదు ఇది? రోజూ నా చేతులకు తెలిసిందే ఇది. నా తలకు ఎందుకు తెలియలేదు?

పెనం మీద రొట్టె మాడింది. నేను పలక తీశాను. పదహారు పదహార్లు రెండు వందల యాభై ఆరు. పదిహేడు పదిహేళ్లు రెండు వందల ఎనభై తొమ్మిది. గొట్టం నోరు ఆ లెక్కన పెరిగింది. లోతుతో, రెండుతో గుణించి పూర్తిగా కట్టాను. నూట ఇరవై ఆరు ఉన్న పొట్ట నూట నలభై రెండు దగ్గరికి వచ్చింది. పదహారు సీసాలు తాగేది ఎన్ని తాగాలి? పద్దెనిమిది. ఆ పైన రెండు మూడు చెంచాలు.

పద్దెనిమిది. ఆయన పోసింది పద్దెనిమిది. ఒక్క చుక్క ఎక్కువ లేదు. చెంచా లెక్కన చూస్తే ఆయనే కాస్త పొదుపుగా నడిపాడు.

ముందుగది పది అడుగుల దూరం. అత్తమ్మ పిలిస్తే పలుకుతుంది. లెక్క తప్పాను, పద్దెనిమిదే సరి, మేస్త్రీని పిలిపించండని రెండు మాటలు చాలు. ఎందుకు చెప్పలేదు? ఎన్ని సంవత్సరాలు నన్ను నేనే అడిగానో ఈ ప్రశ్న. భయమా? నన్ను ఎవరూ కొట్టరు, తిట్టరు. మహా అయితే నవ్వుతారు. ఆ నవ్వుకు జడిసి, పొద్దున దొరికిన సరస్వతి అనే మాట సాయంత్రానికి పోతుందని, నేను ఒక మనిషి పేరు పణంగా పెట్టాను. రేపు చెబుదాం అనుకున్నాను. పలక తుడిచేశాను. అంతటితో ఆగలేదు. మరునాడు దీపం పెట్టి, అత్తవారింట గౌరవం దొరికింది స్వామీ అని కృతజ్ఞత చెప్పుకున్నాను. చెప్పుకున్నాను. ఈ చేతులే జోడించి.

దీపం కొండెక్కకముందే పెరటి తలుపు చప్పుడైంది. మేస్త్రీ. మజ్జిగ వేళ కాదు. గడప అవతల నిలబడ్డాడు. టోపీ చేతిలో పట్టుకున్నాడు. అత్తమ్మ వాకిట్లో దూరంగా మిరపకాయల తొడిమెలు తీస్తోంది, మా మాటలు వినపడే దూరం కాదు. ఈ సంగతి కూడా రాయాలి. నన్ను ఎవరూ కాపలా కాయలేదు.

"బిడ్డా, లెక్క నువ్వే చేసినవంట," అన్నాడు.

తలూపాను.

"నీ లెక్క తప్పదు, నాకెరుకే. అయినా జర ఇంకోపారి చూడు. ఒట్టు పెట్టుమంటే పెడ్త. గని ఒట్టు దొంగ గూడ పెడ్తడు. నువ్వు లెక్క చూడు, నాకు గదే చాలు."

నా మీద ఆయనకు ఉన్న నమ్మకం చూశారా. నన్ను తిట్టడానికి రాలేదు. నాకు తెలిసిందంతా నా చేత చెప్పించుకోవడానికి వచ్చాడు. అప్పటికి సరైన లెక్క కట్టి ఒక రాత్రి గడిచింది. నా నోట్లో ఆ అంకె ఉంది. పద్దెనిమిది. నాలుక చివర ఉంది.

"చూసిన మేస్త్రీ," అన్నాను. "తప్పు లేదు."

 ఆయన తన అరచేతులు తిప్పి చూసుకున్నాడు.

"అయితే ఎక్కడ్నో కారుతుండాలె. నా చేతికి దొరుకుతలేదు. ముసలిగైతున్న గద."

టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. పోతూ, ఇంజిన్ ఒకసారి విప్పి చూస్తానని, కూలి వద్దని బావకు చెప్పమని అడిగాడు. నేను అదీ చెప్పలేదు.

లెక్క తప్పడం పాపం కాదు. నాయన కూడా తప్పేవాడు. తుడిచి మళ్లీ చేసేవాడు. నేను పాపం చేసింది ఆ గడప దగ్గర. ఆయన ఉద్యోగం తీసింది మా బావ. ఆయన చేతుల మీద ఆయనకున్న నమ్మకం తీసింది నేను. దొంగ అన్నవాళ్లను ఆయన లోపల తిట్టుకుని ఉండవచ్చు. నా మాటకు మాత్రం తననే అనుమానించుకున్నాడు.

ఇక అసలు విడ్డూరం వినండి. మేస్త్రీ పోయాక నూనె ఎంత పట్టిందనుకున్నారు? పద్దెనిమిది సీసాలు. బావే నూనె గది తాళం తీసి, బావే పోశాడు. పద్దెనిమిది. వారం చూశారు, పదిహేను రోజులు చూశారు. పద్దెనిమిదికి తగ్గలేదు. ఇప్పుడైనా ఎవరైనా అంటారని వంటింట్లో ఊపిరి బిగపట్టి కూర్చున్నాను. దొంగ పోయాడు కదా, మరి ఈ సీసా ఎవరు తాగుతున్నారని ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. పోయేటప్పుడు ఇంజిన్‌కు ఏదో చేసి పోయిండు అన్నాడు బావ. అందరూ అవునన్నారు. దొంగ అన్న మాట ఒకసారి నిలబడ్డాక, వాడు దొంగ కాదనే రుజువు కూడా వాడి నేరమే అయింది. నాకు ఆ రోజు వచ్చిన కోపం ఇంకా తీరలేదు. ఆ కోపంతో నేనేం చేశాను? రొట్టెలు చేశాను.

మేస్త్రీకి చిరాగ్‌పల్లిలో ఒక చెరుకు గానుగ ఇంజిన్ మీద పని కుదిరేదట. గానుగ ఆసామి ముందు బావను అడిగాడు. బావ ఊరికే దొంగ అని వదల్లేదు. మా మరదలు లెక్క కట్టి పట్టింది అని చెప్పాడు. పని పోయింది. నా లెక్క అట్లా ఊర్లు తిరిగింది. ఆ తర్వాత ఆయన కోహీర్ పోయి అంగడిలో తాళాలు, స్టవ్‌లు బాగుచేసుకుంటూ కూర్చున్నాడని తెలిసింది.

నేను దేవుడి దగ్గరికి పోయాను. ఏటేటా ఝరాసంగం శివాలయానికి పోయి మొక్కాను. సోమవారాలు ఉపవాసం ఉన్నాను. క్షమించు స్వామీ అన్నాను, కన్నీళ్లు కూడా పెట్టుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది. దేవుడికి చెప్పడం ఎంత సులువో. దేవుడు పోయి బజారులో చెప్పడు. గానుగ ఆసామికి చెప్పడు. కోహీర్ రైల్లో ఎంతో దూరం లేదు. అంత దగ్గర ఉన్న మనిషిని వదిలేసి కైలాసం దాకా కబురు పంపాను. మా ఇంటివాళ్లు నన్ను బాగా చూసుకుంటున్నారు కదా, ఉప్పు తిన్న ఇంటిని నలుగురిలో తలవంపు చేయడమా అని సర్దిచెప్పుకున్నాను. మజ్జిగ తాగిన మనిషికి నేనేమి బాకీయో ఆ లెక్కలో రాలేదు.

యుద్ధం ముగిసింది. రాజ్యం మారింది. గడబిడ రోజులు వచ్చి పోయాయి. ఈ చైత్రంలో ఝరాసంగం మొక్కు చాలించి, మా ఆయనను బతిమాలి కోహీర్ పోయాను. ఆయనకు అంతా చెప్పాను దారిలో. చాలాసేపు కిటికీలోంచి చూసి, ముందే చెప్పుంటే బాగుండు అన్నాడు. అంతే. 

అంగడిలో తాళాల ఖాసిం అంటే గుర్తుపట్టారు. ఉండేవాడన్నారు. పోయినేడు కుటుంబంతో సహా సామాను కట్టుకుని పోయాడన్నారు. పట్నం అన్నారొకరు, ఇంకా దూరం అన్నారొకరు. పక్కన కూర్చుని గాజులమ్మే ఆమెను అడిగాను, మళ్లీ ఎప్పుడైనా ఇంజిన్ పని చేశాడా అని. చేయలేదంది. ఎవరో వచ్చి పిలిచినా పోలేదట. నా చేతికి అందాజ్ పోయింది అనేవాడట.

తిరిగి వచ్చిన రోజు నేను ముందుగదిలోకి పోయాను. పద్నాలుగేళ్లలో మొదటిసారి బావ ముందు నిలబడి, ఎవరి నోటి మీదుగానూ కాకుండా, నా నోటితో చెప్పాను. లెక్క ఎట్లా తప్పానో, ఎప్పుడు తెలిసిందో, గడప దగ్గర ఏమన్నానో చెప్పాను. అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బావ మొదట నా ధైర్యానికి ఆశ్చర్యపోయాడు. తర్వాత నవ్వాడు.

"అయితేమాయె. ఆడోళ్ల లెక్కను నమ్మినందుకు నాదే తప్పు," అన్నాడు. "పాత సంగతులు తవ్వుకుంట కూసుంటమా. పో, నిన్నేం అంటలే."

నిన్నేమీ అనడం లేదట. నేను అడిగానా? నన్ను క్షమించడానికి ఈయనెవరు? పోయింది ఈయన పేరా? తప్పు లెక్క ఈయనకు పనికొచ్చిన రోజు నేను సరస్వతిని. సరైన లెక్క తెచ్చిన రోజు ఆడోళ్ల లెక్క. అంకెలకు ఆడా మగా ఉంటారా? ఆ నిందలో నాకు రావాల్సిన వంతు కూడా ఇవ్వకుండా ఊరికే తుడిచేశాడు. అంత తేలికగా తుడవగలిగిన మనిషే అంత తేలికగా దొంగ అనగలిగాడు.

మరునాడు పొద్దున పొయ్యిలో బొగ్గు తీసుకుని గిర్నీ ముందుకు పోయాను. కోడలు అటు పోవడం ఎవరూ చూడలేదు ఇంతవరకు. అప్పుడే సున్నం వేసిన గోడ. ఖాసిం మేస్త్రీ నూనె దొంగిలించలేదు, లెక్క తప్పి, తెలిసి దాచింది ఈ ఇంటి చిన్నకోడలు అని రాశాను. కింద లెక్క కూడా రాశాను, ఎవరైనా సరిచూసుకోవచ్చని. రాశాక వెనక్కి తిరిగితే పది పన్నెండు మంది ఆడవాళ్లు గంపల దగ్గర కూర్చుని నన్నే చూస్తున్నారు. వాళ్లలో ఒక్కరికి కూడా చదువు రాదు. నాకు ఆ సంగతి తట్టనే లేదు. గోడ మీద ఎవరూ చదవలేని అక్షరాలు రాసి, చెప్పేశానని మురిసిపోబోయాను. మళ్లీ అదే పిరికితనం, కొత్త వేషంలో.

ఒక ముసలామె, జొన్నల గంప మోకాళ్ల మధ్య పెట్టుకున్నది, ఏం రాసినవు బిడ్డా అని అడిగింది.

చదివాను. ఇంజిన్ మోతలో వినపడదని గొంతు పెంచి చదివాను. ఖాసిం మేస్త్రీ దొంగ కాదు అన్నాను. తప్పు లెక్క నాది, అబద్ధం నాది అన్నాను. ఎట్లా తప్పానో రొట్టె లెక్కన చెప్పాను. ఇద్దరు ముగ్గురు తలలూపారు. వాళ్లకు ఆ లెక్క మా బావకంటే ముందే అర్థమైంది. ఒకామె, పాపం మంచోడు అంది. ఇంకొకామె, ఇప్పుడెందుకమ్మా అని గొణిగింది. ముసలామె అంతా విని నన్ను ఎగాదిగా చూసింది.

"అది సరే గని, నా జొన్నలు పోసిన్రా లేదా జర చూడు," అంది.

చూశాను. ఇంకా పోయలేదు. ఆమె వంతు తర్వాతదే అని చెప్పాను.

బావ ఆ మధ్యాహ్నమే గోడకు మళ్లీ సున్నం వేయించాడు. అందుకే ఈ కాగితం మీద రాశాను. ఖాసిం మేస్త్రీ ఎక్కడున్నాడో నాకు తెలియదు. ఉన్నాడో లేడో తెలియదు. నన్ను ఎవరూ క్షమించలేదు, ఆ హక్కున్న ఒక్క మనిషి జాడ లేదు. కానీ ఆ రోజు గోడ దగ్గరి నుంచి ఇంట్లోకి వచ్చి పీట మీద కూర్చున్నాక, ఎనిమిదేళ్లలో మొదటిసారి ఊపిరి చివరిదాకా లోపలికి పోయింది. చేతుల నిండా బొగ్గు. చాలాసేపు కడుక్కోలేదు.